గేరు మేడమ్ గారి మీటరు

నర్సుకు ఆ రోజు సెలవు. పొద్దెక్కేదాకా ఎవరి ముఖమూ చూడకుండా పడుకోవాలని వారమంతా కలలు కంది. తీరా కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన అత్తగారు నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో చిన్న అట్టపెట్టె, దాని మీద గుండ్రటి మీటరు బొమ్మ.

“లేచావా అమ్మాయ్? ఇది బండికి బిగించాలి.”

“ఏమిటత్తయ్యా అది?”

“ఆయిల్ ప్రెషర్ మీటరు. నువ్వూ నేనూ కలిసి బిగిద్దాం. వాడికి మాత్రం చెప్పకు.”

వాడంటే ఆవిడ కొడుకు, నర్సు భర్త. అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇలాంటి పని అతనికి అప్పగిస్తే చేతిలో టీ చల్లారేలోపు ముగించి, మిగిలిన టీ తాగేసి వెళ్ళిపోతాడు. ఇక నర్సు సంగతంటారా, ఆమె ఈ జన్మలో పట్టుకున్న పనిముట్లు సూది, కత్తెర, థర్మామీటరు. నట్టు కుడివైపు తిప్పితే బిగుస్తుందో ఎడమవైపు తిప్పితే బిగుస్తుందో కూడా ఆమెకు ఎప్పుడూ తికమకే.

“నేనా? నాకేం వచ్చత్తయ్యా?” అంది.

“పది నిమిషాల్లో కిందికి రా. పాత బట్టలు కట్టుకో,” అని అత్తగారు వెళ్ళిపోయారు.

అడిగినదానికీ వచ్చిన జవాబుకూ పొంతన లేదు. నర్సు మంచం మీదే కూర్చుని తల గోక్కుంది. కొన్ని నెలలుగా వాళ్ళిద్దరి మధ్య మాటలు ఇలాగే నడుస్తున్నాయి. వంటింట్లోంచి ఆమె ఏదైనా అడిగితే హాల్లో అత్తగారు ఉలకరు, పలకరు. “టీ పెట్టనా?” అంటే కిటికీలోంచి వీధి చూస్తూ ఉండిపోతారు. ఎదురుగా వచ్చి నిలబడితే మాత్రం నవ్వుతారు. నావల్ల ఏ తప్పు జరిగిందా అని నర్సు రాత్రిళ్ళు డ్యూటీలో కూర్చుని వెతుక్కునేది. ఒకసారి పుట్టింటికి వెళ్ళేటప్పుడు సరిగ్గా చెప్పి వెళ్ళలేదు, అదా? కొత్త సోఫా రంగు ఆవిడను అడక్కుండా ఎంచింది, అదా? భర్తను అడిగితే, “అమ్మకు నీమీద కోపమా? కోపమొస్తే అమ్మ దాచుకునే మనిషా?” అని నవ్వి ఊరుకున్నాడు. అదీ నిజమే. అందుకే ఇంకా అర్థం కాలేదు.

అలాంటి అత్తగారు ఇప్పుడు కొడుకును కాదని, ఏమీ రాని కోడల్ని పిలుస్తున్నారు. అదీ రహస్యంగా!

అత్తగారి గురించి కొంత చెప్పాలి. ఆవిడ చాలా ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపారు. ఆ చుట్టుపక్కల బండి నడిపేవాళ్ళలో సగం మంది ఆవిడ తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. శిష్యులంతా ఆవిడను గేరు మేడమ్ అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. స్కూలు మూసేశాక మిగిలింది ఒక్క బండి. బూడిద రంగుది, గుండ్రటి లైట్లది, గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండే పాతకాలపు కారు. వయసులో నర్సుకంటే పెద్దది. అందరూ ఆ బండిని నర్సుకు ఆడపడుచు అని ఆటపట్టించేవారు. అత్తగారింట్లో దానికి జరిగినంత మర్యాద తనకు జరగలేదని ఆమె కూడా ఆ వేళాకోళంలో చేతనైనంత సాయం చేసేది.

ఆ కారు డాష్‌బోర్డు మీద స్పీడు మీటరు, పెట్రోలు మీటరు, ఆయిల్ కోసం ఒక ఎర్ర దీపం మాత్రమే ఉండేవి. అత్తగారు వాటిని కన్నెత్తి చూసేవారు కాదు. “మీటరు చూసి బండి నడపడమూ, గడియారం చూసి ఆకలేసిందనుకోవడమూ ఒకటే,” అనేవారు. ఆవిడ బండిని చెవితో నడిపేవారు. మేడమీద కూర్చుని వీధిలో పోయే కారు సంగతి చెప్పగలిగేవారు. “వాడి బెల్టు రేపో మాపో తెగుతుంది చూడు,” అంటే తెగేది.

అలాంటి మనిషికి ఇప్పుడు మీటరు ఎందుకు కావలసి వచ్చినట్టు?

నర్సు పాత బట్టలు కట్టుకుని కిందికి దిగింది.

మెట్ల కింది షెడ్డులో బండి ఉంది. బానెట్ అప్పటికే ఎత్తి ఉంది. అత్తగారు నేలమీద గోనె పరిచి, దానిమీద కొడుకు పనిముట్ల పెట్టెలో ఉన్నవన్నీ, పానాలు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయరు, చివరికి ఒక తెల్ల టేపు చుట్టతో సహా వరుసగా పేర్చారు. ఆపరేషన్ థియేటర్లో సర్దిన ట్రేలా ఉంది. అది చూశాక నర్సుకు కాస్త ధైర్యం వచ్చింది.

“బ్యాటరీ వైరు తీసేశాను. షాక్ కొట్టదు, భయపడకు,” అన్నారు అత్తగారు. “ఇదిగో, ఇంజిన్ పక్కన ఆయిల్ ఫిల్టర్ ఉందా? దాని పైన చిన్న స్విచ్ బిగించి ఉంది చూడు. ఎర్ర దీపానికి కబురు పంపేది అదే. దాన్ని తీసి, ఆ కంతలో ఈ మూడు మూతుల ఇత్తడి ముక్క పెట్టాలి. ఒక మూతికి పాత స్విచ్, ఇంకో మూతికి కొత్త సెన్సారు. సెన్సారు నుంచి మీటరుకు తీగ. అంతే.”

“అంతేనా?”

“నా చేతులు ఆ సందులోకి పట్టవు. కీళ్ళు వాచాయి. నీ వేళ్ళు సన్నం.”

ఓహో, అందుకా నన్ను పిలిచింది, అనుకుంది నర్సు. కానీ ఆ జవాబు మనసులో కుదురుగా కూర్చోలేదు. భర్త వేళ్ళు కూడా సన్నమే.

మొదట మీటరు పని పట్టారు. స్టీరింగు కింద బిగించాలి. నర్సు సీటు మీద వెల్లకిలా పడుకుని, తల పెడళ్ళ దగ్గరికి, కాళ్ళు తలుపు బయటికి పెట్టి పనిచేసింది. అత్తగారు బయట స్టూలు వేసుకుని కూర్చున్నారు.

“అత్తయ్యా, ఇది చిన్నదైపోయింది, పెద్ద పానా ఇవ్వండి!”

 బయటి నుంచి కంగారుగా వినిపించింది. “మీ నాన్నకేమైందమ్మా?”

“మా నాన్నకా?” నర్సు లేవబోయి తల స్టీరింగుకు కొట్టుకుంది. “మా నాన్నకేమైంది?”

“నన్నడుగుతావేం? నువ్వేగా అన్నావు?”

“నేను పానా అడిగాను!”

“ఆ, పానాయా,” అంటూ అత్తగారు పానా అందించారు. ముఖం పక్కకు తిప్పుకున్నారు. నర్సు నుదురు రుద్దుకుంటూ మళ్ళీ పడుకుంది. ఇదేం ఎగతాళి? పుట్టింటివాళ్ళ మీద ఏదైనా మాట మనసులో పెట్టుకుని ఇలా అంటున్నారా?

కాసేపటికి మళ్ళీ అడగాల్సి వచ్చింది.

“ఈ ఎర్ర తీగ ఎక్కడ కలపాలి?”

“రేపెక్కడికి? రేపు నీకు డ్యూటీ ఉందిగా?”

 ఎర్ర తీగ ఎక్కడ పెట్టాలో నర్సు పెట్టెలోని కాగితం తెరిచి చూసింది. అందులో అక్షరాల కంటే బొమ్మలు ఎక్కువ, బొమ్మల కంటే బాణాలు ఎక్కువ. ఏ బాణం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కనిపెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తాళం తిప్పితే కరెంటు వచ్చే తీగ ఏదో అత్తగారే వంగి, వేలు పెట్టి చూపించారు. కలిపింది. నల్లదాన్ని డాష్‌బోర్డు వెనుక రేకుకు బిగించింది. మూడో తీగను పెడళ్ళ వెనుక రేకు కంతకున్న రబ్బరు బుష్‌లోంచి ఇంజిన్ వైపు నెట్టింది. తీగ అవతలికి వచ్చిందని అత్తగారు చప్పట్లు కొట్టారు. నర్సుకు నవ్వొచ్చింది. కోపమున్న మనిషి చప్పట్లు కొడతారా? ఏమో, ఏమీ తెలియడం లేదు.

ఇంజిన్ దగ్గర పని సులువుగానే జరిగింది. పాత స్విచ్ మొండికేసి చివరికి వదిలింది. కంతలోంచి నల్లటి నూనె కొంచెం జారి మోచేతి దాకా పాకింది. రక్తం చూసి చలించని నర్సు ఆ జిడ్డు చూసి ముఖం చిట్లించింది. ఇత్తడి ముక్క చేతిలోకి తీసుకుని మరలు చూసుకుంది. ఇది వదులై నూనె కారితే ఎలా? గోనె మీద తెల్ల టేపు చుట్ట కనిపించింది. ఇంట్లో కుళాయి కారితే భర్త చుట్టే టేపు అది.

వెనుక నిలబడిన అత్తగారిని, తల తిప్పకుండానే అడిగింది. “టేపు చుట్టనా?”

“ఆ. గట్టిగా!” అన్నారు అత్తగారు.

మొట్టమొదటిసారి అడిగినదానికి తగిన జవాబు వచ్చింది. నర్సుకు ప్రాణం లేచివచ్చింది. పైగా చుట్టడంలో ఆమెకు ఎదురు లేదు. ఎన్ని విరిగిన చేతులకు, ఎన్ని పగిలిన మోకాళ్ళకు కట్లు కట్టింది! మర కనిపించకుండా, పొర మీద పొర, అంచు మీద అంచు వచ్చేలా టేపు చుట్టింది. ఇత్తడి ముక్కకూ చుట్టింది, సెన్సారుకూ చుట్టింది, పాత స్విచ్‌కు కూడా కరువు తీరా చుట్టింది. అన్నీ బిగించింది. చుక్క కారడం లేదు. చేతులు తుడుచుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, తన పనిని తనే మెచ్చుకుంది.

బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించారు. అత్తగారు డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. నర్సు కిటికీలోంచి మీటరు వైపు తొంగి చూసింది.

తాళం సగం తిప్పారు. ఇంజిన్ ఇంకా స్టార్ట్ కాలేదు. కానీ మీటరు ముల్లు సున్నా మీంచి లేచి, ఒక్క ఊపున చివరంటా పోయి, అక్కడున్న చిన్న మేకుకు ఆనుకుని నిలిచిపోయింది.

“ఇదేంటి? ఇంకా పరుగే మొదలెట్టలేదు, అప్పుడే బీపీ నెత్తికెక్కిందా?” అంది నర్సు.

“ఎర్ర దీపం వెలగలేదేం?” అన్నారు అత్తగారు. “స్టార్ట్ చేసే ముందు వెలగాలిగా?”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తగారు తాళం పూర్తిగా తిప్పారు. ఇంజిన్ ఒక దగ్గు దగ్గి అందుకుంది. ముల్లుకు పిచ్చెక్కింది. సున్నాకు పడింది, చివరికి లేచింది, మధ్యలో వణికింది, మళ్ళీ సున్నాకు కూలింది. నర్సు చెవికి ఇంజిన్ శబ్దం ఎప్పటిలాగే ఉంది. గుడగుడమని, నిండుగా, తేడా ఏమీ లేకుండా. ఈవిడ వింటూనే ఉన్నారు కదా, ఒక మాట చెబుతారు, సరిపోతుంది అనుకుంది.

కానీ అత్తగారి ముఖం పాలిపోయింది. ముల్లు సున్నాకు పడినప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడుతున్నారు. “అయిపోయింది. ఆయిల్ అందట్లేదు. ఇంజిన్ పట్టేస్తుంది,” అంటూ గబుక్కున తాళం వెనక్కి తిప్పారు.

ఇంజిన్ ఆగింది. షెడ్డు నిశ్శబ్దమైపోయింది.

అత్తగారు కిటికీలోంచి నర్సు ముఖంలోకి చూసి అడిగారు. “ఆగిందా?”

నర్సుకు అర్థం కాలేదు. “మీరే కదా ఆపారు?”

“అదే, అదే,” అన్నారు అత్తగారు. దిగి వచ్చి బానెట్ దగ్గర నిలబడ్డారు. చెమట తుడుచుకున్నారు.

నర్సు ఆలోచనలో పడింది. ముల్లు అలా ఎగరడం ఆమె ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, వార్డులో రోజూ చూస్తుంది. గుండె గీతలు తీసే యంత్రం తీగ ఒంటికి సరిగ్గా ఆనకపోతే తెర మీద గీత ఇలాగే చిందులు తొక్కుతుంది. కొత్తగా చేరిన నర్సులు ఆ గీత చూసి హడలిపోతారు. మంచం మీది మనిషి మాత్రం తాపీగా అరటిపండు తింటూ ఉంటాడు.

ఆమె అత్తగారి ఎదురుగా వెళ్ళి చెప్పింది. “అత్తయ్యా, ఇంజిన్‌కి ఏమీ కాలేదనిపిస్తోంది. తీగ ఎక్కడో ఆనట్లేదు. మాకు ఆసుపత్రిలో ఇలాగే అవుతుంది.”

అత్తగారు ఆమె పెదవుల వైపే చూస్తూ విన్నారు. కళ్ళలో కాస్త వెలుగు వచ్చింది. “ఎర్త్ అందట్లేదంటావా? సెన్సారుకి వేరే ఎర్త్ తీగ లేదు, దాని ఒంటి మీది మరల్లోంచే కరెంటు ఇంజిన్‌కి అందాలి. నువ్వన్నది నిజమైతే మరల దగ్గరే ఏదో ఉండాలి,” అంటూ పానా తీసుకుని, వాచిన వేళ్ళతోనే సెన్సారు విప్పారు. బయటికి తీసి చూసి నోరు వెళ్ళబెట్టారు.

“ఇదేంటిది? కట్టు కట్టావా?”

“టేపు. చుట్టమన్నారుగా.”

“నేనా! టేపు చుట్టమని నేనెప్పుడన్నాను? ఇనుము ఇనుముకి తగలాలి. మధ్యలో ఇంత టేపుంటే ఎర్త్ ఎలా అందుతుంది? ఇదిగో మీటరుతో పాటు కొట్టువాడు రాగి వాషర్లు ఇచ్చాడుగా, అవి వేస్తే చాలు!”

“టేపు చుట్టనా అని నేనడిగాను. ఆ, గట్టిగా అని మీరన్నారు.”

“నువ్వు చేత్తో పట్టనా అన్నావు. ఆ అన్నాను.”

“చేత్తో పట్టుకోవడానికి మిమ్మల్ని అడుగుతానా?”

“నాకేం తెలుసు? పని తెలియనిదానివి, అడిగావేమో అనుకున్నాను!”

అని అత్తగారు వీపు తిప్పి, ఇంజిన్ మీదికి వంగి, ఇత్తడి ముక్క మీది టేపు పొరలు గోటితో లాగడం మొదలుపెట్టారు. నర్సుకు ఒళ్ళు మండింది. నెలల తరబడి అణుచుకున్నదంతా గొంతు దాకా వచ్చింది. “ఎంత చేసినా ఇంతే. ఈ ఇంట్లో నా మాటకు విలువే లేదు. గోడకు చెప్పినా నయం,” అని గొణిగింది. గొణుగుడు అనుకున్నది కాస్త గట్టిగానే వచ్చేసింది. రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి వినపడి తీరుతుంది. నర్సు నాలుక కరుచుకుంది. ఇక గేరు మేడమ్ గిర్రున తిరిగి చూస్తారు, అనుకుని బిగుసుకుపోయింది.

అత్తగారు తిరగలేదు. టేపు లాగుతూనే ఉన్నారు.

 నర్సు ఈసారి కావాలనే మామూలు గొంతుతో అంది. “అత్తయ్యా, మీ అబ్బాయొచ్చాడు.”

దాచి చేస్తున్న పని. ఆ మాటకు ఎగిరిపడాలి. ఆవిడ వేలికి అంటిన టేపు ముక్కను చీరకొంగుకు తుడుచుకున్నారు. అంతే.

 వార్డులోకి అడుగుపెట్టగానే ఏ మంచం మీది మనిషికి చెవులు వినపడవో నర్సు చెప్పేయగలదు. పెదవులు చూస్తారు, ఒక పక్కకు తల వంచుతారు, అర్థం కాకపోయినా నవ్వేస్తారు, తోచిన జవాబు ఇచ్చేస్తారు. అన్నీ తెలుసు. కానీ ఇంట్లో వార్డు మంచం లేదు, కేసు చీటీ లేదు, ఉన్నది అత్తగారు. అత్తగారు పలక్కపోతే కోపమనుకుంది తప్ప వినపడలేదేమో అని ఒక్కసారైనా తోచలేదు. తన తప్పుల కోసం ఇల్లంతా వెతుక్కుంది కానీ ఆవిడ వైపు సరిగ్గా చూడనేలేదు.

ఆమె బండి చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి, ఆవిడకు ముఖం కనిపించేలా నిలబడింది.

“ఎప్పటినుంచి అత్తయ్యా?”

“ఏది?”

నర్సు తన చెవి మీద వేలు పెట్టుకుంది.

అత్తగారు ముందు బుకాయించబోయారు. “ఏ చెవి? నాకేం...” అని మధ్యలో ఆగిపోయారు. చేతిలోని పానాను మడ్‌గార్డు మీద పెట్టి, స్టూలు మీద కూలబడ్డారు.

“ఒకరోజు తాళం తిప్పితే శబ్దం రాలేదు,” అన్నారు. “స్టార్ట్ కాలేదనుకుని మళ్ళీ తిప్పాను. స్టీరింగు వణికింది. అప్పటికే నడుస్తున్న ఇంజిన్ని నేను మళ్ళీ స్టార్ట్ చేశాను. తెలిసిందా? ఎంతమందిని తిట్టానో ఆ తప్పుకి! పక్కన నిలబడిన పాలవాడు చెవులు మూసుకున్నాడు. నాకు మాత్రం ఏమీ...”

“మరి చెప్పరేం?”

“ఎవరికి? వాడికా? వాడికి తెలిస్తే ముందు తాళం తీసుకుంటాడు. తర్వాత మాట్లాడతాడు.”

“నేను తీసుకోనా?”

“నువ్వూ తీసుకుంటావు. కానీ ముందు అడుగుతావు. అందుకే నిన్ను పిలిచాను.” అత్తగారు మీటరు వైపు గడ్డం చూపించారు. “వినపడకపోతే చూసైనా తెలుసుకోవచ్చు కదా అనుకున్నాను. ఆ ముల్లు సున్నాకు పడితే నిజంగానే చచ్చిందనుకున్నానే అమ్మాయ్. ఇదివరకైతే నవ్వేసేదాన్ని. ఒక్క క్షణం వింటే చాలు. ఇప్పుడు అది ఏం చెబితే అదే నమ్మాలి. ఏది నమ్మాలో తెలియట్లేదు.”

   “నేను మీకు నామీద కోపమనుకున్నాను,” అంది నర్సు.

“కోపమా? దేనికి?”

“సోఫాకి.”

“ఏ సోఫా?” అన్నారు అత్తగారు, నిజంగానే అర్థం కాక.

నర్సుకు నవ్వాగలేదు. ఆమె ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా అత్తగారు కూడా నవ్వారు.

మిగతా పని ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చేశారు. నర్సు అడగాల్సి వస్తే తల ఎత్తి, ఆవిడ కళ్ళు తనమీద పడ్డాక అడిగింది. టేపంతా ఊడబీకారు. మరలు గుడ్డతో తుడిచారు. రాగి వాషర్లు వేసి బిగించారు. ఈసారి తాళం సగం తిప్పగానే ఎర్ర దీపం వెలిగింది. ముల్లు సున్నా దగ్గర బుద్ధిగా కూర్చుంది. ఇంజిన్ అందుకోగానే దీపం ఆరి, ముల్లు నింపాదిగా పైకి లేచి ఒకచోట నిలబడింది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ కొద్దికొద్దిగా కిందికి జారింది.

“జారుతోందే!” అంది నర్సు.

“వేడెక్కితే ఆయిల్ పలచనవుతుంది. జారాలి.”

“ఎక్కడిదాకా జారాలి?”

అత్తగారు భుజాలు ఎగరేశారు. “నన్నడిగితే? నేనెప్పుడు చూశాను దాని ముఖం? అంకె చెబితే నాకేం తెలుస్తుంది?”

ఇద్దరూ ఆ మీటరు వైపు బిక్కమొహాలు వేసుకుని చూశారు. ఇంత కష్టపడి బిగించారు. అది ఏదో చెబుతోంది. మంచి కబురో చెడ్డ కబురో ఇద్దరికీ తెలియదు.

“మేమైతే ఒక్కసారి చూసి ఏమీ అనం,” అంది నర్సు. “బాగున్నప్పుడు ఎంతుందో చూసుకుని ఉంచుకుంటాం. తర్వాత దాన్నిబట్టి పోల్చుకుంటాం.”

“ఇప్పుడు బాగున్నట్టేనా? నువ్వు విను. ఎలా ఉంది?”

“గుడగుడమంటోంది.”

“గుడగుడా, గురగురా?”

“తేడా ఏంటి?”

“అయ్యో రాత! గురగురంటే గొంతులో కఫం ఉన్నట్టు. గుడగుడంటే నీళ్ళు మరుగుతున్నట్టు.”

నర్సు కళ్ళు మూసుకుని విన్నది. “మరుగుతున్నట్టే. అడుగున టికటిక కూడా ఉంది.”

“టికటికా, టకటకా?”

“టిక... టిక. సన్నగా. గోటితో పళ్ళెం మీద కొట్టినట్టు.”

“అది టాపెట్, ఇంజిన్లో వాల్వులను తట్టే ముక్క. ఆ చప్పుడు ఎప్పుడూ ఉండేదే. ఉంటే మంచిదే.” అత్తగారు తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు. నర్సు ఇంట్లోంచి గాయాలకు వేసే ప్లాస్టరు తెచ్చి, సన్నని ముక్క కత్తిరించి, ముల్లు నిలిచినచోట మీటరు అద్దం మీద అంటించింది.

తర్వాత ఆమె అడగాల్సింది అడిగింది. డాక్టరుకు చూపించేదాకా ఒంటరిగా బండి తీయనని మాట ఇస్తారా అని.  అత్తగారు తాళం తీసి తన బొడ్లోనే దోపుకుని, “మాట ఇచ్చాను. తాళం ఇవ్వలేదు,” అన్నారు.

కొడుక్కు ఆవిడే చెప్పారు, భోజనాల దగ్గర, ఉప్పు అడిగినంత మామూలుగా.  అతను తాళం మాట ఎత్తలేదు. “నాకెందుకు చెప్పలేదమ్మా?” అని మాత్రం అన్నాడు. ఆవిడకు అది వినపడింది, లేదా పెదవుల మీద కనపడింది. ఉప్పు గిన్నె అతని వైపు జరిపారు. ఆ తర్వాత అతను కిందికి వెళ్ళి మీటరు చూసుకుని వచ్చాడు. తీగ కట్టిన తీరు చూస్తే గాయానికి కట్టు కట్టినట్టుందని భార్యతో అన్నాడు. కానీ రెండు రోజులు ముభావంగా తిరిగాడు. అలక అమ్మ మీదో, తన మీదో, నర్సుకు తేలలేదు. అతనికీ తేలినట్టు లేదు.

చెవుల డాక్టరు నరాలు నీరసించాయన్నాడు. ఉన్న వినికిడిని నిలుపుకోవచ్చన్నాడు. చెవి వెనుక పెట్టుకునే మిషన్ రాసిచ్చాడు. మిషన్ పెట్టుకుని లైసెన్సు పరీక్షకు మళ్ళీ రమ్మన్నారు రవాణా ఆఫీసువాళ్ళు. గేరు మేడమ్‌ను పరీక్షించిన ఇన్‌స్పెక్టరు ఆవిడ శిష్యుడే. భయపడుతూ పరీక్షించాడట.

ఆ తర్వాత మొదటిసారి అత్తాకోడళ్ళిద్దరూ బండి బయటికి తీశారు. అత్తగారి చెవికి కొత్త మిషన్. ఆవిడ దానితో విసిగిపోయి ఉన్నారు. ఇంట్లో గిన్నెలు ఉరుముతున్నాయట, పేపరు మడత పెడితే రేకులు విరుస్తున్నట్టుందట, సొంత నమలడం కూడా వినలేకపోతున్నారట. బండి గేటు దాటింది. ముల్లు ప్లాస్టరు ముక్క పక్కనే నిలబడి ఉంది. మలుపు దగ్గర ఉన్నట్టుండి అత్తగారు బండి పక్కకు తీసి ఆపేశారు.

“ఏమైందత్తయ్యా?”

“ష్! విను. ఇంజిన్లో ఏదో కొట్టుకుంటోంది. టక్కు టక్కు. టాపెట్ కాదు. ఇది కొత్తది.” ఆవిడ మీటరు వైపు చూశారు, బానెట్ వైపు చూశారు, మళ్ళీ మీటరు వైపు చూశారు. “ముల్లు బాగానే ఉందే? మరి ఈ చప్పుడేంటి? ఇదెప్పటినుంచి?”

నర్సు విన్నది. నవ్వాలో వద్దో తెలియక పెదవి కరుచుకుంది.

“చాన్నాళ్ళ నుంచే అత్తయ్యా. అది ఇండికేటరు. మలుపు తిరగడానికి మీరే వేశారు.”

అత్తగారు చెయ్యి చాపి మీట పైకి ఎత్తారు. చప్పుడు ఆగింది. మళ్ళీ కిందికి నొక్కారు. టక్కు టక్కు మొదలైంది. వెనుక ఎవరో హారన్ కొట్టారు. ఆవిడ పట్టించుకోలేదు. ఒకసారి వేసి, ఒకసారి తీసి, తల ఒక పక్కకు వంచి వింటూ ఉండిపోయారు.

“ఇంత పెద్దగా ఉండేదా ఇది?” అన్నారు.

“ఏమో, నాకు గుర్తులేదు. నేనెప్పుడూ పట్టించుకోలేదు,” అంది నర్సు.

వెనుకవాడు మళ్ళీ హారన్ కొట్టాడు. “వినపడిందిలే నాయనా, వినపడింది!” అని గేరు మేడమ్ కిటికీలోంచి గట్టిగా అరిచి, బండిని మలుపు తిప్పారు.